పెరట్లో కోళ్ళు: ఏ మాట వింటే ఏ పని చేయాలి

మన ఉత్తరాంధ్రలో చీపురుపల్లిలోనో నరసన్నపేటలోనో మేత దుకాణానికి మొదటిసారి వెళ్ళి "కోళ్ళకి మేత కావాలండీ" అని అడిగి చూడండి. "ఏటి కావాలి బాబూ, స్టార్టరా, గ్రోయరా, లేయరా? మాషా, క్రంబులా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. మనకి తెలీక "ఏదో ఒకటి ఇచ్చేయండి" అంటే, ఆ రోజు నోరు విప్పి ఉన్న బస్తాలోంచి తూచి ఇస్తారు. అది గుడ్ల కోళ్ళకి పెట్టే లేయర్ మేత అయి, ఇంట్లో ఉన్నవి నెల పిల్లలైతే, అందులోని కాల్షియం వాటి మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. కొన్నాళ్ళకి పిల్లలు ఒక్కొక్కటే వాలిపోతాయి. ఏదో రోగం వచ్చిందనుకుంటాం.

కొత్తగా కోళ్ళు పెట్టినవాళ్ళకి జరిగే నష్టంలో చాలా భాగం ఇలా మాట అర్థం కాకపోవడం వల్లే అని నా అభిప్రాయం. ఇంట్లో మామ్మ ఒక పేరు చెబుతుంది, దుకాణంలో ఇంకో పేరు, పశువుల డాక్టరు రాసిచ్చే చీటీ మీద మరో పేరు. అందుకే పిల్లల్ని కొనే రోజు నుంచి అమ్మే రోజు దాకా, పని వచ్చే వరసలోనే ఆ మాటలు చెబుతాను. పదో ఇరవయ్యో కోళ్ళతో పెరట్లో మొదలుపెట్టేవాళ్ళని దృష్టిలో పెట్టుకున్నాను. వేల కోళ్ళ షెడ్డు వేసేవాళ్ళ లెక్కలు వేరు.

ముందు ఏ రకమో తేల్చుకోండి

బ్రాయిలర్ అంటే మాంసం కోసమే పుట్టించిన కోడి. ఐదారు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది. దాన్ని పెరట్లో వదిలి నూకలు చల్లి పెంచుదామనుకుంటే కుదరదు. కాళ్ళు బరువు మోయలేవు, ఎండకి తట్టుకోలేదు. లేయర్ అంటే గుడ్ల కోసం పెంచే ఫారం కోడి. ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది గానీ, ఆ లెక్క బోనులో, తూకం ప్రకారం మేత తిన్న కోడిది. నాటుకోడి ఏడాదికి 60, 70 గుడ్లే పెట్టినా తన తిండి తానే వెతుక్కుంటుంది, గుడ్లు పొదుగుతుంది, గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కింద దాస్తుంది.

ఫారం కోడికీ నాటుకోడికీ మధ్యన ఇంకో వర్గం ఉంది. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అనే పేర్లు వినే ఉంటారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వీటిని తయారుచేసింది. చూడటానికి రంగురంగుల ఈకలతో నాటుకోడిలాగే ఉంటాయి. వనరాజా మాంసానికీ గుడ్లకీ రెండిటికీ పనికొస్తుంది. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్ల కోడి, గోధుమరంగు గుడ్డు పెడుతుంది. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, ఇవి సరిగ్గా పొదగవు. వీటి గుడ్లు పిల్లలు కావాలంటే ఒక నాటు పెట్టనో, ఇంక్యుబేటర్‌నో నమ్ముకోవాలి. సంతలో ఎవరైనా "అచ్చం నాటు పిల్లలండీ" అని వనరాజా పిల్లల్ని నాటు ధరకి అమ్మితే మోసమే. అయితే తెలిసే కొనుక్కుంటే మొదటిసారి పెంచేవాళ్ళకి ఇవే నయం.

అసిల్ అనేది పందెం జాతి. మెడ పొడుగు, ఒళ్ళు గట్టి, గుడ్లు తక్కువ. కాకి, డేగ, సేతువ, నెమలి, పర్ల అని సంక్రాంతికి చెప్పుకునేవన్నీ ఈకల రంగుని బట్టి పెట్టిన పేర్లే. నల్లది కాకి, ఎర్రది డేగ, తెల్లది సేతువ. జాతులనుకుని వాటికి ఎక్కువ డబ్బు పెట్టకండి. పందెం చట్టరీత్యా నేరం కాబట్టి ఆ లెక్కలోకి ఇక పోను. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు నల్లకోడి, మాంసం కూడా నలుపే. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చాక ధర ఆకాశానికెక్కింది. కొనేవాడు చేతిలో ఉంటేనే పెంచండి.

ఇంకొకటి చెప్పాలి. సైకిళ్ళ మీద, మోపెడ్ల మీద గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు పిల్లల్ని తెచ్చి పది ఇరవై రూపాయలకి అమ్ముతుంటారు. పిల్లకాయలు ఏడ్చి మరీ కొనిపిస్తారు. అవి చాలావరకు లేయర్ హేచరీల్లో, అంటే గుడ్లు పొదిగించే కేంద్రాల్లో, పనికిరావని తీసేసిన మగపిల్లలు, రంగు అద్దినవి. అవి గుడ్డు పెట్టవు, మాంసమూ అంతంత మాత్రమే. బొమ్మగా కొనుక్కుంటామంటే మీ ఇష్టం గానీ కోళ్ళ పెంపకం కింద లెక్క వేసుకోవద్దు.

పిల్లని చేతిలోకి తీసుకుని చూడండి

రోజు పిల్ల అంటే గుడ్డులోంచి వచ్చి ఒక్క రోజు దాటనిది. దాని పొట్టలో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజులు దానికి ఆహారం. అందుకే అట్టపెట్టెల్లో బస్సు మీద వేసి ఎక్కడి నుంచో పంపగలుగుతున్నారు. అంతమాత్రాన ఇంటికొచ్చాక కూడా ఆలస్యం చేయొచ్చని కాదు. పెట్టె విప్పగానే ముందు నీళ్ళు, తర్వాత మేత.

కొనేటప్పుడు పిల్లని వెల్లకిలా అరచేతిలో పెట్టండి. ఆరోగ్యంగా ఉన్నది తటాలున లేస్తుంది. బొడ్డు మూసుకుని పొడిగా ఉండాలి. అక్కడ నల్లటి పొక్కులా ఉన్నా, తడిగా ఉన్నా వద్దనండి. వెనక భాగం చూడండి. రెట్ట అంటుకుని గడ్డకట్టి ఉంటే ఆ పిల్ల వారం బతకడం కష్టం.

"పెట్టలే ఇవ్వండి" అని అడిగినా పెరటి రకాల్లో సాధారణంగా కలిపే ఇస్తారు. ఇరవై కొంటే అటూ ఇటూగా సగం పుంజులొస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకి తేడా తెలుస్తుంది. పుంజు పిల్లకి తల మీది జుట్టు ముందుగా ఎర్రబడి లేస్తుంది, కాళ్ళు లావుగా ఉంటాయి. ఇంకాస్త పెరిగాక మెడ మీదా నడుం దగ్గరా ఈకలు సన్నగా, కొసలు మొనదేలి వస్తాయి. పెట్టకి ఆ ఈకల కొసలు గుండ్రంగా ఉంటాయి.

నాలుగైదు వారాలు పెంచి, టీకాలు వేసి అమ్మే పిల్లలూ దొరుకుతాయి. ధర రెండు మూడింతలుంటుంది. ఇంట్లో రాత్రిపూట లేచి చూసేవాళ్ళు లేకపోతే అవే కొనండి. ఎందుకో తర్వాతి భాగం చదివితే తెలుస్తుంది.

బ్రూడర్: తల్లి రెక్కల బదులు

తల్లికోడి ఉంటే ఈ పని దానిదే. తల్లి లేని పిల్లలకి మొదటి మూడు నాలుగు వారాలు మనం ఇచ్చే వెచ్చదనాన్ని బ్రూడింగ్ అంటారు, ఆ ఏర్పాటు బ్రూడర్. ఒక తడకనో, రేకునో, అట్టనో అడుగున్నర ఎత్తున గుండ్రంగా నిలబెట్టండి. నాలుగు మూలలు మాత్రం ఉండకూడదు. చలేస్తే పిల్లలన్నీ మూలకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి, కిందవి ఊపిరాడక చస్తాయి.

మధ్యలో బల్బు వేలాడదీయండి. పిల్లకి 2 వాట్ల లెక్క. ఇరవై పిల్లలకి 40 వాట్ల బల్బు సరిపోతుంది. మొదటి వారం పిల్లల ఎత్తులో 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, ఆపై వారానికి 5 డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. ఇక్కడ ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, దాని నుంచి వేడి రాదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బు అని అడిగి తెచ్చుకోండి.

థర్మామీటర్ లేకపోతే పిల్లలే చెబుతాయి. రాత్రి పదింటికి అలికిడి చేయకుండా వెళ్ళి పైనుంచి చూడండి. బల్బు కింద ముద్దగా చేరి కీచుకీచుమంటుంటే చలి, బల్బు కాస్త కిందికి దించండి. అంచుల దాకా పారిపోయి నోళ్ళు తెరిచి, రెక్కలు వేలాడేసుకుని ఉంటే వేడెక్కువైంది. ఒకే పక్కకి జరిగి ఉంటే రెండో పక్క నుంచి గాలి కొడుతోందని, అటు గోనెసంచి కట్టండి. అక్కడక్కడా కాళ్ళు చాపుకుని పడుకుని, ఒకటో రెండో మేత దగ్గర తిరుగుతూ ఉంటే మీరూ వెళ్ళి పడుకోవచ్చు.

మొదటి రోజు నీళ్ళలో కాస్త బెల్లం కలపండి. ఒక్కో పిల్లని పట్టుకుని ముక్కు కొస నీళ్ళలో ముంచి వదలండి, ఒకటి తాగితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. నీళ్ళ పళ్ళెం లోతు ఉండకూడదు, ఉంటే గులకరాళ్ళు వేయండి. సాయంత్రం ఒకటి రెండు పిల్లల మెడ కింద తడిమి చూడండి. అక్కడే మేత సంచి ఉంటుంది. మెత్తగా, గోళీకాయంత నిండి ఉంటే పిల్ల మేత పట్టినట్టే. ఖాళీగా ఉంటే చలికో భయానికో మేత దాకా వెళ్ళలేదని అర్థం.

కరెంటు పోతే ఏం చేస్తారో ముందే అనుకోండి. మన జిల్లాల్లో గాలివాన వస్తే ముందు పోయేది అదే. కుంపట్లో బొగ్గులు బాగా రాజుకుని పొగ పోయాక, చుట్టూ ఇటుకలు పేర్చి, పిల్లలకి అందకుండా పెట్టండి. గదికి గాలి ఆడాలి. తలుపులన్నీ బిగించి కుంపటి పెడితే పిల్లలతో పాటు కాపలా ఉన్న మనిషికీ ప్రమాదమే.

లిట్టర్: ఊక తడిస్తే రోగం వచ్చినట్టే

నేల మీద పరిచే ఊకనే లిట్టర్ అంటారు. వరి పండే చోటే ఉన్నాం కాబట్టి మిల్లులో ఊకకి లోటు లేదు. రెండు మూడు అంగుళాల మందాన వేయండి. మొదటి రెండు మూడు రోజులు దాని మీద న్యూస్‌పేపరు పరిచి, పేపరు మీద మేత చల్లాలి. లేదంటే పిల్లలు ఊకనే తింటాయి. ఆ తర్వాత పేపరు తీసేయండి, నున్నటి పేపరు మీద కాళ్ళు జారి కొన్ని పిల్లలకి కాళ్ళు పక్కలకి విడిపోతాయి.

రోజూ ఒకసారి కర్రతో ఊకని తిరగేయాలి. గుప్పెడు తీసి గట్టిగా పిసకండి. ముద్దయి, వదలగానే విడిపోతే బాగున్నట్టు. ముద్ద ముద్దలాగే ఉండిపోతే తడెక్కువైంది. వంగినప్పుడు కళ్ళు మండితే అమ్మోనియా పేరుకుందని అర్థం. ఆ మంట పిల్లలకి మనకంటే ఎక్కువ, అవి ఆ గాలిలోనే పడుకుంటాయి. తడిసిన మేరకు ఎత్తి పారేసి కొత్త ఊక వేయండి, కాస్త పొడిసున్నం కలపండి.

రెట్టలో రక్తం కనిపిస్తే అది కాక్సిడియోసిస్ అయి ఉండొచ్చు. దుకాణాల్లో కాక్సీ అంటారు. తడి లిట్టర్‌లో పెరిగే జబ్బు అది. మందు ఉంది గానీ, మందు వేసి తడి ఊకని అలాగే ఉంచితే మళ్ళీ వస్తుంది. వాడేసిన ఊకని పోగేసి మగ్గబెట్టండి, కూరగాయల మళ్ళకీ కొబ్బరి పాదులకీ మంచి ఎరువు.

మేత: బస్తా మీద ఏం రాసుందో చదవండి

మేత పేర్లు రెండు దారుల్లో పోతాయి. ప్రీ స్టార్టర్, స్టార్టర్, ఫినిషర్ అనేవి బ్రాయిలర్ దారి. చిక్ మాష్, గ్రోయర్ మాష్, లేయర్ మాష్ అనేవి గుడ్ల కోళ్ళ దారి. పెరటి పిల్లలకి మొదటి ఆరేడు వారాలు చిక్ మాష్ పెట్టండి. దొరక్కపోతే బ్రాయిలర్ స్టార్టర్ పెట్టినా నష్టం లేదు, ధర ఎక్కువ అంతే. లేయర్ మేత మాత్రం తొలి గుడ్డు కనబడే దాకా వద్దు. దాంట్లో కాల్షియం సుమారు 3.5 నుంచి 4 శాతం, పిల్లల మేతలో ఒక శాతం దగ్గర. పెట్ట ఆ కాల్షియాన్ని గుడ్డు పెంకుకి వాడేస్తుంది, పిల్లకి ఆ దారి లేదు.

మాష్ అంటే పొడి, పెలెట్ అంటే గుళిక, ఆ గుళికని నలగ్గొడితే క్రంబుల్. అందులో సరుకు తేడా లేదు, రూపం తేడా. చిన్నపిల్లలకి క్రంబుల్ ఏరుకోవడం సులువు.

రెండు నెలలు దాటి బయట తిరగడం మొదలెట్టాక బస్తా మేత తగ్గించవచ్చు. పొద్దున్న వదిలేముందు కాస్త, సాయంత్రం గూటికి చేరేముందు కాస్త. సాయంత్రం మేత మానకండి. దానికోసమే అవి చీకటి పడకుండా ఇల్లు చేరతాయి. నూకలు, తౌడు, చోళ్ళు (రాగులు), గంట్లు (సజ్జలు) ఏవి ఉంటే అవి పెట్టొచ్చు. వీటిలో పిండి పదార్థం ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. ఆ లోటు పురుగులు తీరుస్తాయి. పాతవాళ్ళు పాత కుండలో తడిపిన గడ్డి, పేడ కుక్కి, చెద ఉన్న చోట సాయంత్రం బోర్లించేవారు. పొద్దున్నకి కుండనిండా చెదలు. పిల్లల ముందు దులిపితే నిమిషంలో ఖాళీ. పైసా ఖర్చు లేని ఇంత మంచి మేత ఇంకొకటి నాకు కనబడలేదు.

వేరుశెనగ చెక్కకి బూజు పడితే గేదెకీ కోడికీ దేనికీ పెట్టొద్దు, ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. భావనపాడు, కళింగపట్నం వైపు తీర గ్రామాల్లో ఎండు చేపల తుక్కు చవగ్గా దొరుకుతుంది. ఉప్పు వేసి ఎండబెట్టినదైతే కోళ్ళకి ప్రమాదం. ఉప్పు లేకుండా ఎండినదే కొద్దికొద్దిగా కలపండి.

కోడికి పళ్ళు లేవు. అది మింగిన గింజని కందనకాయ నలగ్గొడుతుంది, అందులోని రాతి ముక్కలే దాని తిరగలి. వాటిని గ్రిట్ అంటారు. బయట తిరిగే కోడి తనే ఏరుకుంటుంది, కట్టేసి పెంచేవాటికి ముతక ఇసుక పెట్టాలి. షెల్ గ్రిట్ అని అమ్మేది వేరు, అది గుల్లల పొడి, కాల్షియం కోసం. గుడ్డు పెంకు మెత్తబడితే విడిగా ఒక చిప్పలో పెట్టండి, కావలసిన పెట్ట కావలసినంత తింటుంది.

గూడు

నేల నుంచి అడుగు ఎత్తున, కోడికి రెండు చదరపు అడుగుల చొప్పున చాలు. లోపల అడ్డంగా ఒక దండె కట్టండి, పెద్ద కోళ్ళు రాత్రి దాని మీదే కూర్చుంటాయి. గూడు పొడుగు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువ పడుతుంది. పిల్లి, ముంగిస, పాము మూడిటినీ ఆపే జాలీ వేయాలి. ముంగిస తల దూరే సందు దొరికితే చాలు లోపలికి వచ్చేస్తుంది. వచ్చిందంటే ఒక్కదాన్ని తిని పోదు, అందినన్నిటి గొంతులూ కొరికి పోతుంది. పక్కన చిన్న గుంటలో ఇసుక, పొయ్యి బూడిద కలిపి పోయండి. కోళ్ళు మధ్యాహ్నం అందులో పొర్లి కోడిపేలని వదిలించుకుంటాయి.

గుడ్డు, పొదుగు

ముందొక అపోహ. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. పిల్లలు కావాలంటేనే పుంజు. ఎనిమిది పది పెట్టలకి ఒక పుంజు చాలు. ఎక్కువైతే అవి కొట్టుకుంటాయి, పెట్టల వీపు మీద ఈకలు ఊడతాయి. పుంజుని అమ్మేశాక కూడా వారం పది రోజులు పిల్లగుడ్లు వస్తాయి.

నాటు పెట్ట ఆరేడు నెలలకి గుడ్డుకొస్తుంది. తెలుసుకోవడం ఎలాగంటే, జుట్టు ఎర్రగా నిగనిగలాడుతుంది, మూల మూలకీ పోయి గడ్డిలో కూర్చుని చూసుకుంటుంది. పెట్టని పట్టుకుని వెనక, గుడ్డు వచ్చే దారికి రెండు పక్కలా ఉండే సన్నటి ఎముకల మధ్య వేళ్ళు పెట్టి చూడండి. రెండు వేళ్ళు పడితే గుడ్డు పెడుతోంది, లేదా రేపో మాపో పెడుతుంది. ఒక వేలే పడితే ఇంకా టైం ఉంది.

పొదుగుకొచ్చిన పెట్ట గూడు దిగదు. చెయ్యి పెడితే ఈకలన్నీ లేపి గుర్రుమంటుంది, పొట్ట కింద ఈకలు ఊడి ఒళ్ళు కాలుతుంటుంది. పిల్లలు వద్దనుకుంటే నీళ్ళలో ముంచడం, ముక్కులోంచి ఈక గుచ్చడం చేస్తుంటారు. అది ఉత్త హింస. అడుగున గాలి ఆడేలా సందులున్న గంప కిందో, బోనులోనో నీళ్ళు, మేత ఇచ్చి నాలుగైదు రోజులు ఉంచితే పొట్ట చల్లబడి దానంతట అదే మానేస్తుంది.

పిల్లలు కావాలనుకుంటే వారంలోపు పెట్టిన గుడ్లే వాడండి. అంతకంటే పాతబడితే పిల్లలు తగ్గుతాయి. ఎండాకాలంలో గుడ్లని వంటింటి వేడిలో ఉంచకండి. కుండలో తడి ఇసుక పోసి, ఆ ఇసుక మీద గుడ్డ పరిచి, లావు వైపు పైకి ఉండేలా పెట్టండి. కడగొద్దు. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు గరుకుగా ఉన్నవి కూరకి వాడుకోండి. నాటు పెట్ట కింద పది పన్నెండు గుడ్లు సరిపోతాయి. అడుగున వేపాకు వేస్తే పేలు తగ్గుతాయి.

ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు లావు వైపు ఆనించి చూడండి. దీన్నే క్యాండ్లింగ్ అంటారు. లోపల నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్ళలా ఎర్రటి నరాలు కనబడితే పిల్ల ఉంది. అంతా తేటగా ఉంటే పుంజు చేరని గుడ్డు. నరాలు లేకుండా రక్తం రింగులా ఒక గీత ఉంటే మధ్యలో చచ్చిపోయింది. చివరి రెండు రకాలూ తీసేయాలి, లేకపోతే మురిగి పగిలి మిగతా గుడ్లని పాడుచేస్తాయి. 18వ రోజు నుంచి ముట్టుకోకండి, 21వ రోజుకి పిల్లలు దిగుతాయి. బాతు గుడ్లు, టర్కీ గుడ్లు కోడి కింద పెడితే 28 రోజులు పడుతుంది. రెండు రకాలూ ఒకేసారి పెట్టొద్దు. కోడిపిల్లలు రాగానే తల్లి లేచిపోతుంది, బాతు గుడ్లు చల్లారిపోతాయి.

చలికాలంలో గుడ్లు తగ్గితే కంగారుపడకండి. పగలు చిన్నదవుతుంది, పైగా పాత పెట్టలు ఈకలు రాల్చుకుంటాయి. కొత్త ఈకలు వచ్చేదాకా గుడ్డు ఉండదు.

కొక్కెర, లాసోటా, ఆర్‌2బీ

ఊళ్ళో కొక్కెర తెగులు అన్నా, డాక్టరు రాణిఖేత్ అన్నా, ఎన్‌డీ అన్నా, న్యూకాజిల్ అన్నా ఒకటే. పచ్చగా, తెల్లగా పారుతుంది, నోరు తెరిచి ఎగశ్వాస, రెక్కలు వేలాడటం, మెడ మెలికపడటం. వీధిలో ఒక ఇంట్లో మొదలైతే వారంలో అన్ని గూళ్ళూ ఖాళీ. వైరస్ కాబట్టి వచ్చాక మందు లేదు. ముందే టీకా వేయించుకోవడం ఒక్కటే దారి.

ఈ ఒక్క రోగానికే వేర్వేరు టీకాలున్నాయి, అక్కడే పొరపాటు జరిగేది. లాసోటా మెత్తటి టీకా, చిన్నపిల్లలకి. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క, మళ్ళీ 28వ రోజు దగ్గర ఇంకోసారి. ఆర్‌2బీ ఘాటైనది, ఎనిమిది వారాలు దాటాక రెక్క దగ్గర చర్మం కింద ఇంజెక్షన్. దాన్ని చిన్నపిల్లలకి వేస్తే టీకాయే రోగమై కూర్చుంటుంది. సీసా మీద పేరు మీరే చదవండి, మీరే పిల్లల వయసు చెప్పండి. ఆర్‌2బీకి వారం ముందు నట్టల మందు, అంటే కడుపులో పురుగులకి మందు, తాగించడం మంచిది. నీరసంగా ఉన్న కోడికి ఏ టీకా వద్దు.

14వ రోజు ప్రాంతంలో వేసేది గంబోరో అనే ఇంకో వైరస్ జబ్బుకి టీకా. మారెక్స్ కూడా వైరస్ జబ్బే, దాని టీకా హేచరీలోనే మొదటి రోజు వేస్తారు, కొనేటప్పుడు వేశారో లేదో అడగండి. జుట్టు మీద, కళ్ళ చుట్టూ బొబ్బలొచ్చే కోడి మసూచిని ఫౌల్ పాక్స్ అంటారు. దోమల వల్ల కూడా వ్యాపిస్తుంది. ఆరేడు వారాలప్పుడు రెక్క పొరలో గుచ్చే టీకా దానికోసమే.

టీకా సీసాని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. దుకాణం నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కు తీసుకెళ్ళండి, చొక్కా జేబులో వేసుకొస్తే నీళ్ళు వేసినా ఒకటే, టీకా వేసినా ఒకటే. సీసా చిన్నదే అయినా వంద డోసులుంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. మీకు పది కోళ్ళే ఉంటే మిగతాది వృథా. "అప్పా, రేపు పొద్దున్న మా ఇంటికాడ కోళ్ళకి చుక్కలేస్తున్నాం, మీవి కూడా గంప కింద కమ్మి ఉంచు" అని వీధిలో నాలుగిళ్ళకి ముందురోజే చెప్పండి. పక్కింటి కోళ్ళకి రోగం లేకపోతే మీవాటికీ సగం భయం పోయినట్టే. రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుల్ని అడిగితే టీకాలు ఎప్పుడొస్తాయో చెబుతారు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, చుట్టుపక్కల వాళ్ళు అక్కడా అడగవచ్చు.

కోళ్ళు ఒక్కసారిగా ఎక్కువ సంఖ్యలో చనిపోతే కొక్కెరే అని మీరే తేల్చేయకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ముట్టుకోవాల్సి వస్తే చేతులకి కవరు తొడుక్కోండి. వాటిని కోయొద్దు, అమ్మొద్దు, పశువుల డాక్టరుకి కబురు పెట్టండి. చచ్చిన కోడిని చెరువులో, గెడ్డలో (వాగులో) పారేయడం ఏ రోగానికైనా ఊరంతా పాకే దారి. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

అమ్మేటప్పుడు వినబడే మాటలు

లైవ్ అంటే ప్రాణంతో ఉన్న కోడి తూకం. కోసి శుభ్రం చేశాక అందులో దాదాపు 70 శాతం మిగులుతుంది, కాబట్టి లైవ్ రేటుకీ మాంసం రేటుకీ తేడా చూసి ఆశ్చర్యపోవద్దు. ట్రే అంటే 30 గుడ్లు. నెక్ రేటు అంటే ఫారం గుడ్లకి రోజూ ప్రకటించే ధర, నాటు గుడ్డుకి దానితో సంబంధం లేదు. ఎఫ్‌సీఆర్ అంటే కిలో బరువు పెరగడానికి తిన్న మేత ఎన్ని కిలోలని. ఫారం వాళ్ళకి ప్రాణం లాంటి లెక్కే గానీ, పురుగులు తిని పెరిగే కోడికి ఆ లెక్క కట్టలేం. ఇంటిగ్రేషన్ అంటే కంపెనీ పిల్లలు, మేత, మందులు ఇస్తుంది, రైతు షెడ్డు, కష్టం పెట్టి పెంపకం కూలి తీసుకుంటాడు. పది కోళ్ళవాళ్ళకి అది అవసరం లేదు.

మన దగ్గర పుంజుకి మంచి ధర పలికేది దసరా తర్వాత విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజుల్లో, ఊరి అమ్మవారి పండగలప్పుడు, మళ్ళీ కనుమకి. కనుమకి అమ్మాలనుకుంటే వనరాజా పిల్లల్ని ఆగస్టులో దింపండి, నాటు పిల్లలైతే జూన్, జూలైలోనే. ఇంకా ఆలస్యం చేస్తే అక్టోబరు తుఫాను రోజులకి పిల్లలు బల్బు కిందే ఉంటాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి, కరెంటు రోజుల తరబడి రాలేదు. తప్పక ఆ నెలల్లోనే పిల్లల్ని దింపాల్సి వస్తే, పిల్లలకంటే ముందు రెండు బస్తాల బొగ్గు, కుంపటి, గూడు చుట్టూ కట్టడానికి గోనెసంచులు, పైకప్పు బిగించడానికి గట్టి తాడు తెచ్చిపెట్టుకోండి.